పరగడుపు

“పాప పొద్దున లేచి రెండుసార్లు కక్కిందంట తమ్ముడూ. మీ అమ్మ ఫోన్ చేసింది,” అని కండక్టర్ అహల్య వెనకనుంచి వంగి చెప్పేసరికి రాహుల్ చెయ్యి గేరు మీద ఉంది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, కాలు క్లచ్ వదిలింది, కోదాడ ఊరి చివరి ఇళ్ళు కిటికీ పక్కనుంచి వెనక్కి జారిపోయాయి, మిర్యాలగూడ బోర్డు పెట్టుకున్న బస్సు హుజూర్‌నగర్ దారిలో ఎప్పటిలాగే సాగింది. అతనొక్కడే లోపల ఎక్కడో ఆగిపోయాడు. కక్కింది. నాలుగేళ్ళ పిల్ల కక్కితే ఏ ఇంట్లోనైనా ఒక గుడ్డముక్క తెచ్చి తుడుస్తారు, కాసేపు పడుకోబెడతారు, మధ్యాహ్నానికి అదే లేచి ఆడుకుంటుందిలే అంటారు. శ్రావణి కక్కితే అది వేరు. “ఏమన్న తిన్నదా అక్కా, అడిగినవా?” అన్నాడు, చూపు రోడ్డు మీంచి తీయకుండా. “అడిగా. రాత్రి కూడా సరిగ్గా తినలేదంట. పొద్దున తాగిన పాలే బయటికొచ్చాయంట. ఇప్పుడు పడుకునే ఉందంట.” పడుకునే ఉంది. ఆ ఒక్క మాటే అతనికి వినపడింది, మిగతావన్నీ ఇంజను చప్పుడులో కలిసిపోయాయి. “పండనియ్యొద్దను అక్కా. గ్లూకోజు నీళ్ళు చెంచాతోటి పొయ్యమను. అది కూడ ఆగకపోతే ఇగ సూసుడు లేదు, ఆటో మాట్లాడుకొని దవాఖానకు పొమ్మను.” అహల్య ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, ఇంకో చేత్తో ఆధార్ కార్డు చాపిన ఆడమనిషికి జీరో టికెట్ చింపి ఇస్తూ వెనక్కి వెళ్ళింది.

డ్యూటీ ఎక్కేముందు ఫోన్ కండక్టర్ చేతికివ్వడం ఎవరో చెప్పింది కాదు, అతను తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. స్టీరింగు పట్టిన మనిషి చేతిలో ఫోన్ ఉంటే ఏమవుతుందో హైవే మీద ఒకసారి కళ్ళారా చూశాడు. ఆ రోజునుంచి బండి కదిలిందంటే అతను ఎవరికీ దొరకడు. ఇంట్లోవాళ్ళకు అది అలవాటైపోయింది. కానీ ఈ రోజు దివ్య కూడా దొరకదు. టీచరు పరీక్ష రాయడానికి మొదటి బస్సుకే సూర్యాపేట వెళ్ళింది, ఈపాటికి ఫోన్లన్నీ బయట పెట్టించి లోపల కూర్చోబెట్టి ఉంటారు. పాప పుట్టాక దివ్య పిల్లను వదిలి ఊరు దాటడం ఇదే మొదలు. నిన్న సాయంత్రం అతను నైట్ హాల్ట్‌కు కోదాడ బయల్దేరుతుంటే మిర్యాలగూడ ఇంటి గడప దగ్గర నిలబడి, “నేను పోకుంటే ఏమైతది, మళ్ళొచ్చే ఏడు రాస్త,” అంది. “యాడి ఉన్నది గదా. పో,” అన్నాడు తను. తమ లంబాడీ భాషలో అమ్మను అట్లాగే పిలుస్తారు. దివ్య ఇంకేమీ అనలేదు. అనకుండా మింగిన మాట ఏమిటో అతనికి తెలుసు. ఆనాడు కూడ మీ యాడి ఉన్నది. అదే మాట తన లోపల కూడా ఉంది గనుక తెలుసు. ఉండి కూడా, పో అన్నాడు. ఎందుకన్నాడు? దివ్య చదువుకున్నది వంటింట్లో ఆరిపోకూడదని అన్నాడు, అది నిజం. ఒక్క పూట, ఒక్క మామూలు పూట, మామూలు ఇంట్లోలాగా గడిచిపోతుందేమో చూద్దామని కూడా అన్నాడు, అది ఇంకా నిజం.

రోడ్డు కుడివైపు సగందాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోతలకాలం. వడ్ల అంచున రాళ్ళు పేర్చారు, ఒక ముసలాయన తలకు తువ్వాలు చుట్టుకుని కాళ్ళతో వడ్లు తిరగేస్తున్నాడు, ఆ కాళ్ళకు ఏ తొందరా లేదు. ఎదురుగా వడ్ల ట్రాక్టరు వస్తే ఇటు బస్సు ఆగాలి. ఆగాడు. పచ్చి వడ్ల వాసన కిటికీలోంచి వచ్చింది. చిన్నప్పుడు త్రిపురారం అవతల తండాలో ఈ వాసన రాగానే కడుపులో ఆకలి లేచేది, ఆకలి అంటే అప్పుడు భయం లేదు, ఆకలి అంటే పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతున్న సంతోషమే. యాడి నాట్లకు పోయి చీకటి పడ్డాక వచ్చినా, పొద్దుట్నుంచి ఏమీ తినకపోయినా అందరికీ రొట్టెలు చేసి పెట్టి చివరన తను తినేది. ఆమె ఒంట్లో ఆ కత్తెర ఉంది. తన ఒంట్లోనూ ఉంది. కత్తెర అనే మాట హైదరాబాద్‌లో డాక్టర్ పూర్ణిమ చెప్పింది. పాప పుట్టిన పది రోజులకు మడమ దగ్గర గుచ్చి కాగితం మీద తీసిన రక్తపు చుక్కలు పరీక్షకు పోయి, జవాబు వచ్చి, దివ్య పచ్చి బాలింతగా ఆ కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు, ఆమె నిదానంగా, మళ్ళీ మళ్ళీ, విసుగు లేకుండా చెప్పింది. “మనం తిన్న అన్నం చక్కెరై కొన్ని గంటలు ఒంటిని నడుపుతుంది. అది అయిపోయాక ఒళ్ళు తను దాచుకున్న కొవ్వును కొంచెం కొంచెంగా కోసి వాడుకుంటుంది. నిద్రలో, ఉపవాసంలో, జ్వరంలో అందరం అట్లాగే బతుకుతాం. కోయడానికి రకరకాల కత్తెరలుంటాయి. వాటిలో ఒకటి మీ పాప ఒంట్లో తయారుకాదు. ఎమ్‌క్యాడ్ అని దాని పేరు. కొవ్వు ఉంటుంది, వాడుకోవడం రాదు. అందుకని పాపను ఎక్కువసేపు పరగడుపున ఉంచొద్దు. అంతే.” అంతే అంది ఆమె. అంతేనా అని అతను అడిగాడు. “ఆరోగ్యంగా ఉన్నప్పుడు అంతే. టైముకు తినిపించండి. కానీ జ్వరం వచ్చి, వాంతులై, తిన్నది ఆగకపోతే మాత్రం ఇంట్లో ఉండొద్దు. చక్కెర పడిపోయేదాకా చూడొద్దు. మిషన్‌లో చక్కెర బాగుందని చూపించినా సరే, గ్లూకోజు సెలైను ఎక్కించాలి. మత్తుగా పడుకుంటే అది నిద్ర కాదు.”

అది నిద్ర కాదు. ముందున్న ట్రాక్టరు కదిలింది. రాహుల్ బండి ముందుకు పోనిచ్చాడు. ఆ మాట విన్నరోజు అతనూ దివ్యా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. డాక్టరమ్మకు అర్థమైంది కాబోలు, తనే అడిగింది, మొదటి బాబు ఎలా పోయాడని. దివ్య చెప్పింది. ఆమె వింటూ కలం కింద పెట్టేసింది. “ఇదే అయి ఉంటుంది. ఇప్పుడు రుజువు చెయ్యలేం. కానీ ఇదే అయి ఉండొచ్చు,” అని, వెంటనే, “మీ ఇద్దరి జన్యువుల్లో తలా ఒక పాడైన పాయ ఉంది, మీకే తెలియదు, మీకేమీ కాదు. రెండూ పాపకు వచ్చాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మీది కాదు, బయట కూర్చున్న మీ అమ్మగారిది కాదు, ఎవరిదీ కాదు,” అంది. యాడి అప్పుడు బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, చౌటుప్పల్ దాటాక, దివ్య చెప్పిందంతా విని, ఒకే ఒక్క మాట అడిగింది. “నిద్రల కూడ ఒళ్ళు తింటదా?” తింటది యాడీ, అని అతను చెప్పాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అంతే. ఆ తరవాత ఆ జబ్బు గురించి ఆమె నోటివెంట మాట రాలేదు. దివ్య రోజూ చెప్పేది, అత్తమ్మా పండబెట్టే ముందు తినిపియ్యాలె, అత్తమ్మా లేవంగనే తినిపియ్యాలె, కక్కితే ఆగొద్దు. ఊ, అనేది ఆమె. ఆ ఊ లోపల ఏముందో రాహుల్‌కు ఎప్పుడూ తెలియలేదు. విన్నదా, నమ్మిందా, కోడలు ఊరికే సతాయిస్తోందనుకుందా. నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ అడగలేదు. అడిగితే ఇంకో మాట అడగాల్సి వస్తుంది గనుక అడగలేదు.

హుజూర్‌నగర్ బస్టాండులో బండి ఆగీ ఆగకముందే అహల్య ఫోన్ కలిపి అందించింది. రాహుల్ సీటులోనే కూర్చుని మాట్లాడాడు. అవతల ఆటో చప్పుడు, గాలి, ఆ గాలిలో యాడి గొంతు, ఎప్పటిలాగే ఫోన్‌లో పెద్దగా అరుస్తున్నట్టు. “ఆటోల ఉన్న కొడుకా. గ్లూకోజు పోసిన. రెండు చెంచలు ఆగినయి, మూడో చెంచకు అంత బయటకొచ్చింది. ఇంక ఇంట్ల ఎందుకుంట? ఎత్తుకొని ఎక్కిన.” “కండ్లు తెరుస్తున్నదా?” “పిలిస్తె తెరుస్తది. మళ్ళ మూస్తది.” “పిల్వు యాడీ, పిల్సుకుంటనే ఉండు. గాడ లైన్ల కూసోకు. సక్కెర సెలైను పెట్టుమను. మిషన్ల సక్కెర మంచిగ వచ్చినా పెట్టాలె అని చెప్పు, గట్టిగ చెప్పు…” “ఎరికే,” అంది ఆమె. ఫోన్ కట్టయింది. ఎరికే. ఏం ఎరిక? అతను ఫోన్‌ను ఒక క్షణం అట్లాగే చూసి అహల్యకు తిరిగిచ్చాడు. అహల్య బస్టాండు కంట్రోలర్ దగ్గరికి పరుగున వెళ్ళి వచ్చింది. ఇక్కడ మారే డ్రైవర్ లేడు, మిర్యాలగూడలో అయితే పెడతామన్నారట. “నడపగలవా? లేకపోతే బండి ఇక్కడే ఆపేద్దాం, నేను సర్దిచెప్తాలే,” అంది. ఆపేస్తే? ఇంకో బస్సు కోసం ఇదే బస్టాండులో నిలబడాలి, ఆ బస్సు కూడా ఇవే ఊళ్ళలో ఆగుతుంది, ఇదే మూసీ దాటుతుంది. ప్రయాణికుడిగా కూర్చుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. చేతులకు పని ఉండటమే మేలు. “నడుపుత అక్కా,” అన్నాడు. తలుపు మూసుకుంది, బండి కదిలింది.

కాలువ పక్కన దారి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు బస్సుతోపాటు కొంతదూరం వచ్చాయి, నిండుగా, మురికి పచ్చగా, ఎండ తగిలినచోట తళుక్కుమంటూ. మొదటి బాబు నిఖిల్‌కు నీళ్ళంటే పిచ్చి. సూర్యాపేటలో అప్పుడు కిరాయికున్న ఇంట్లో నల్లా కింద బకెట్లో కూర్చోబెడితే బయటికి రానని ఏడ్చేవాడు, అరచేతులతో నీళ్ళను కొట్టి ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి తనే నవ్వేవాడు. పదిహేను నెలల పిల్లాడు. అప్పుడప్పుడే నడుస్తున్నాడు, నడక కాదు అది, పడబోతూ పరుగెత్తడం. చలికాలం. ముక్కు కారి, ఒళ్ళు వెచ్చబడితే మందుల దుకాణంలో సిరప్ తెచ్చి పోశారు. సాయంత్రం అన్నం ముద్ద పెడితే తోసేశాడు. పాలు రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకున్నాడు. దివ్య మళ్ళీ లేపి పట్టబోతే, యాడి పక్కన కూర్చుని, “జరంల బిడ్డ నిద్రపోతుండు, లేపకు. పండనియ్యి. తెల్లారితె అంత సక్కగైతది,” అంది. లేపకు అని ఏ ఇంట్లో అనరు? తను కూడా తల ఊపాడు. పొద్దున డ్యూటీ ఉంది, తనకూ నిద్ర కావాలి. ఆ రాత్రి నిద్రంతా మంచి నిద్ర అనుకున్నారు ఇంటిల్లిపాదీ. పిల్లాడు ఒక్కసారి కూడా ఏడవలేదు, ఎంత మంచిగా పడుకున్నాడో అని తెల్లారి దివ్య అనుకుంటూ దుప్పటి తీసింది. దుప్పటి తీసిన తరవాతది అతను ఎప్పుడూ పూర్తిగా గుర్తు చేసుకోడు. దివ్య చేతుల్లో వేలాడిన చిన్న మెడ, ఆటోవాడు హారన్ మీంచి చెయ్యి తీయకుండా పోవడం, దవాఖాన మెట్లు, ఒక డాక్టర్ మెదడుజ్వరం కావచ్చన్నాడు, ఇంకో డాక్టర్ ఊపిరితిత్తులన్నాడు, ఎవరికీ తెలియలేదు, తెలియని దానికి పేరు పెట్టాలి గనుక పెట్టారు. తండాలో వాళ్ళు వేరే పేర్లు పెట్టారు, దిష్టి అన్నారు, దివ్య కాలు మంచిది కాదన్నారు. ఆ మాట అన్నవాళ్ళ ఇంటికి యాడి ఇప్పటికీ పోదు, అది మాత్రం నిజం, అది అతను చూశాడు. కోడలిని ఎవరేమన్నా ఊరుకోలేదు. కానీ ఇంట్లో ఆమె, దివ్య, ఒకరి పక్కన ఒకరు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూడా నిఖిల్ పేరు ఎత్తరు. ఆ పేరు ఆ ఇంట్లో ఒక గదిలా ఉంది, తాళం వేసిన గది, అందరూ దాని ముందునుంచే నడుస్తారు.

“అన్నా, ఆపు, ఆపు!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. స్టేజీ వచ్చింది. ఆపాడు. దిగుతున్న ముసలామె కాళ్ళు మెట్టు మీద ఆలోచించుకుంటున్నాయి. తొందరగా దిగవ్వా అనబోయాడు, అనలేదు. ఆమె మోకాళ్ళు ఆమెవి. నేరేడుచర్ల దగ్గరపడుతుండగా అహల్య మళ్ళీ వచ్చింది. ముఖంలో దాచుకోవాలనుకున్నదేదో దాగలేదు. “చేస్తున్నా తమ్ముడూ. ముందు బిజీ వచ్చింది. ఇప్పుడు మోగుతోంది, ఎత్తట్లేదు.” “ఇంకోసారి చెయ్యక్కా.” “చేస్తూనే ఉన్నా.” బిజీ. ఎవరితో మాట్లాడుతుంది యాడి? ఆమెకు నంబర్లు రావు, ఫోన్‌లో ఫోటోలు చూసి నొక్కుతుంది. దివ్యకు చేస్తోందేమో, దివ్య ఫోన్ ఎక్కడో సంచుల కుప్పలో మూగగా ఉంది. ఎత్తట్లేదు అంటే చేతులు ఖాళీగా లేవు. చేతులు ఎందుకు ఖాళీగా లేవు? పిల్లను ఎత్తుకుంది గనుక. లేదా. ఆ లేదా దగ్గర ఆపెయ్యాలి. బండిని ఆపినట్టు మనసును ఆపగలిగితే ఎంత బాగుండేది. స్పీడోమీటరు ముల్లు కొంచెం ఎగబాకింది, కాలు తనకు తెలియకుండానే తొక్కుతోంది, ఎదురుగా సైకిల్ మీద గడ్డిమోపు పెట్టుకుని ఒకడు ఊగుతూ వస్తున్నాడు, రాహుల్ కాలు వదిలాడు. వెనక ఇంతమంది ఉన్నారు. పిల్లల తల్లులున్నారు, కాలేజీ పిల్లలున్నారు, డ్రైవర్ మీద నమ్మకం పెట్టుకున్నామని కూడా తెలియకుండా నిద్రపోతున్నవాళ్ళున్నారు. వాళ్ళది నిజం నిద్ర. దాన్ని చెడగొట్టే హక్కు తనకు లేదు. ముందు సీటులో గంపతో కూర్చున్న నడివయసు ఆడమనిషి అహల్య మాటలన్నీ విన్నట్టుంది. రోజూ పొలం దగ్గర ఆపమని దిగే మనిషే. ఆ చోటు వస్తుంటే, “ఆపకు బిడ్డా, పోనియ్యి. ముందు స్టేజీల దిగి నేనే ఎనక్కి నడుస్త,” అంది. “ఎందుకమ్మా, దిగు,” అని అతను ఆపాడు. ఆమె దిగి, గంప నెత్తికెత్తుకుని, డ్రైవర్ కిటికీ కిందికి వచ్చి, “ఏం గాదు పో, ఏం గాదు,” అంది. పేరైనా తెలియని మనిషి. ఏం గాదు అనే మాటకు ఆధారం ఏమీ లేదు, అయినా ఆ మాట బస్సులోకి ఎక్కి అతని పక్కన కూర్చుంది.

నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో ఎన్ని జలుబులు రాలేదు. రెండుసార్లు దవాఖానలో సెలైను ఎక్కించుకుని, మర్నాటికి ఇంటికొచ్చి పిల్లి వెంట పరుగెత్తింది. అంగన్‌వాడీలో అందరికంటే గట్టిగా పద్యం చెబుతుంది. దొండకాయ తప్ప అన్నీ తింటుంది. “పెద్దయ్యేకొద్దీ ఇంకా తేలికవుతుంది, ఎక్కువసేపు ఓర్చుకోగలుగుతుంది. చదువుకుంటుంది, ఆడుతుంది, పిల్లల్ని కంటుంది, ముసలిదవుతుంది. మందు కూడా అక్కర్లేదు, తెలిసి ఉండటమే మందు,” అని డాక్టర్ పూర్ణిమ పోయినసారి నవ్వుతూ చెప్పింది. ముసలిదవుతుంది అన్న మాట ఒక డాక్టర్ నోటి నుంచి వినడానికి తను ఎంత ఆశపడ్డాడో ఆ రోజు తెలిసింది. బయటికొచ్చి తిరుగు బస్సులో శ్రావణిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తెల్లజుట్టుతో, ఊడిన పళ్ళతో ఈ పిల్ల ఎలా ఉంటుందో ఊహించుకుంటే నవ్వొచ్చింది. అచ్చం యాడిలా ఉంటుంది. అదే నుదురు, అదే మొండి గడ్డం. యాడి. ఎరికే అంది. ఆ మాటను అతను మళ్ళీ లోపల మోగించి చూశాడు. అందులో విసుగు లేదు. ఊ అన్నప్పటి గొంతు కాదది. తెల్లారుజామున తను డ్యూటీకి లేచినప్పుడల్లా వంటింట్లో దీపం వెలిగే ఉండేది, యాడి పాపను ఒళ్ళో వేసుకుని, సగం నిద్రలో ఉన్న నోట్లోకి పాలలో కలిపిన రొట్టె ముద్దలు కొంచెం కొంచెంగా పెడుతూ ఉండేది. ముసలితనం, నిద్రపట్టదు, అందుకే లేస్తుందనుకునేవాడు. అన్ని రోజులు చూశాడు, చూసింది అర్థం కాలేదు. నిద్రల కూడ ఒళ్ళు తింటదా అని అడిగిన మనిషి ఆ రోజునుంచి నిద్రపోలేదు. ఊ అన్నది అందుకే. చెప్పినకొద్దీ చెప్పించుకోవడానికి ఆమెలో చోటు లేదు, మొదటిసారికే నిండిపోయింది.

మూసీ వంతెన మీద బస్సు ఎక్కింది. కింద నీళ్ళు పలచగా, రాళ్ళ మధ్య పాయలు పాయలుగా, వాడపల్లి వైపు, కృష్ణలో కలవడానికి పోతున్నాయి. అప్పుడు అహల్య పరుగున వచ్చి, అద్దంలో అతనికి కనపడేలా ఫోన్ ఎత్తి చూపించింది. “ఎత్తారు! ఎత్తారు తమ్ముడూ, డాక్టరంట, నువ్వు నడుపు, నేను స్పీకర్ పెడతా.” వంతెన గతుకుల మీద అవతలి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. కుర్ర గొంతు. “శ్రావణి వాళ్ళ ఫాదరా? పాపకి గ్లూకోజు స్టార్ట్ చేశామండీ. అప్పుడే అరగంట దాటింది. నేను ఇక్కడ కొత్త, పాపను చూసే సార్ ఈ రోజు లీవు. షుగర్ చూస్తే మామూలుగానే ఉంది, కాసేపు చూద్దామన్నాను. మీ అమ్మగారు అట్లా కాదు, చక్కెర మంచిగున్నా ఎక్కియ్యాలె అని, ఫోన్‌లో డాక్టర్ పూర్ణిమ గారి ఫోటో నొక్కి నా చేతికిచ్చారు. ముందు మేడంతో మాట్లాడుతున్నా, తరవాత సూది పెడుతూ ఫోన్ పక్కన పెట్టేశాం, అందుకే మీకు దొరకలేదు. పాప ఇప్పుడు కళ్ళు తెరిచింది. మీ అమ్మగారి గాజులు లాగుతోంది.” అతను అద్దంలో అహల్యకు తల ఊపాడు. అహల్యే చెప్పింది, “విన్నాడండీ, బండి నడుపుతున్నాడు, విన్నాడు.” ముందు సీట్లలో ఎవరో ఊపిరి వదిలారు. వంతెన అయిపోయింది. ఎండ అద్దం మీద పడి రోడ్డంతా ఒక్కసారిగా తెల్లగా కనబడితే, ఎండ వల్లనే అనుకుని మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

మిర్యాలగూడ పొలిమేరలో రైసుమిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి, వంద అడుగులకోసారి ఆగే వరస. ఉప్పుడు బియ్యం ఆవిరి, ఊక కాలిన వాసన, ట్రాక్టర్ల మీద పడుకున్న రైతులు, వాళ్ళ పాటలు. ఇంకో రోజైతే తిట్టుకునేవాడు. ఈ రోజు ఆ వరస పక్కన నిలబడినప్పుడు ప్రతి ట్రాక్టరు నిండా ఉన్న అన్నం కనిపించింది. ఎన్ని లక్షల కడుపులకో సరిపోయే అన్నం, ఒక్క పిల్ల కడుపుకు సరిపోయే అన్నం. బస్టాండులో బండి పెట్టగానే మారే డ్రైవర్ వచ్చి తాళం తీసుకున్నాడు. అహల్య ఫోన్ అతని జేబులో పెట్టి, “పో, కాయితాలు నేను చూసుకుంటా,” అని వీపు మీద తట్టింది.

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. శ్రావణి గోడకు ఆనుకుని కూర్చుంది, ముఖం పీక్కుపోయింది, ఎడమచేతికి అట్టముక్క కట్టి సూది ఉంది, కుడిచేత్తో ఇడ్లీ ముక్క పట్టుకుని దాన్ని తినాలా వద్దా అని చూస్తోంది. “నానా, గీ ఇడ్లీ చప్పగున్నది,” అంది, అతను అసలు ఎక్కడికీ పోనట్టు. అతను వంగి ఆ ఇడ్లీ చేతిని ముద్దు పెట్టుకున్నాడు. యాడి మంచం కింద నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, కొంగు మీద కక్కిన మరకలు ఎండిపోయాయి, మోచేతిదాకా ఉన్న తెల్లగాజుల్లో ఒకటి విరిగింది. అతను పక్కనే కూలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక దివ్య ఫోన్ చేసింది, అతను మొదటినుంచి, ఏదీ దాచకుండా చెప్పాడు, యాడి ఏం చేసిందో అంతా చెప్పాడు. “పరీక్ష రాసినవా?” అని అడిగాడు. “మంచిగ రాసిన,” అంది దివ్య, ఏడుస్తూ. “అత్తమ్మకు ఫోన్ ఇయ్యి.” అత్తాకోడళ్ళు ఏం మాట్లాడుకున్నారో అతను వినలేదు, నీళ్ళ సీసా నింపుకురావడానికి బయటికి పోయాడు.

తిరిగొచ్చేసరికి పాప నిద్రపోతోంది. మంచి నిద్ర, ముఖంలో రంగు ఉన్న నిద్ర. యాడి సెలైను సీసాలో ఒక్కొక్కటిగా పడుతున్న చుక్కల్ని చూస్తోంది. అతనివైపు తిరగకుండానే అడిగింది. “ఆనాడు గీ నీళ్ళే ఎక్కిస్తే నిఖిల్ బతికెటోడా?” ఇన్నేళ్ళ తరవాత ఆ పేరు ఆమె నోట వచ్చింది. అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆమె ఈ రోజు చేసిన పనికి అబద్ధం సరిపోదనిపించింది. “బతికెటోడేమో యాడీ. కని ఆనాడు మనకు ఎరిక లేదు. నీకు లేదు, నాకు లేదు, డాక్టర్లకు గూడ లేదు.” ఆమె తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాడు. కొంగుతో ముఖం ఒక్కసారి గట్టిగా తుడుచుకుంది. “మంగ్లీకి నెలలు నిండినయి,” అంది. మంగ్లీ అతని చెల్లెలు, వాడపల్లిలో ఉంటుంది, తొలిచూలు. “దాని ఒంట్లో గూడ ఉండొచ్చు గదా, నీ ఒంట్లో ఉన్న పాయ. బిడ్డ పుట్టంగనే మడిమె కాడ రక్తం తీపియ్యాలె.” “అవు యాడీ. నేను చెప్త దానికి.” “నువ్వు కాదు. నేను చెప్త. నువ్వు కలిపియ్యి.” అతను నంబరు కలిపి ఇచ్చాడు. ఆమె ఫోన్‌ను ఎప్పటిలాగే చెవికి దూరంగా పట్టుకుని, వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా మాట్లాడింది.

“మంగ్లీ, నేను. పాప మంచిగున్నది. భయపడకు, భయపడే మాట కాదు. మన నిఖిల్ ఎందుకు పోయిండో చెప్త, కూసొని ఇను.”